‘మావాడు ఏమీ చేయడు’ అనే ముందు: పిల్లలతో, పెంపుడు కుక్కలతో శుభకార్యాలకు వెళ్ళేవారికి

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా శుభలేఖ తెరిస్తే ‘సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి’ అన్న మాట కనబడుతుంది. ఆ మాట అచ్చు వేయించినవారి మనసులో చంటిపిల్లలు ఉంటారు, కర్ర ఊతంతో నడిచే తాతగారు ఉంటారు, ఆ వారం మన ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన మేనత్త కూడా ఉంటుంది. కుక్క మాత్రం ఉండదు. మా చిన్నతనంలో ఈ చర్చకు తావే లేదు, ఎందుకంటే మేము పెళ్ళికి పోతే కుక్క వాకిట్లో పడుకుని ఇల్లు కనిపెట్టుకుని ఉండేది. ఇప్పుడు చెన్నై, బెంగళూరు, హైదరాబాదులలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు సంక్రాంతికో చెల్లెలి పెళ్ళికో వస్తూ, ఫ్లాటులో ఒంటరిగా వదలలేని లాబ్రడారును కారు వెనుక సీటులో కూర్చోబెట్టుకుని తెస్తున్నారు. రైలులో తేవాలంటే ఏసీ మొదటి తరగతిలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం తీసుకోవాలి, లేదా కుక్కను గార్డు పెట్టెలోని అరలో పంపాలి. కనుక కారే దిక్కు. చెన్నై నుంచి నెల్లూరు సుమారు 175 కిలోమీటర్లే కాబట్టి, అక్కడ ఎవరికో అప్పజెప్పి రావడం కంటే వెంట తేవడమే సులువనిపిస్తుంది. చిక్కంతా దిగిన తరువాత మొదలవుతుంది.

మొదట ఒక లెక్క మనసులో పెట్టుకోవాలి. మన ప్రాంతంలో పిల్లలను పేరు పెట్టి పిలవకపోయినా పిలిచినట్టే. జంతువును ఇంటివారు నోరు తెరిచి తెమ్మంటే తప్ప పిలవనట్టే. అయినా రెండు సందర్భాలలోనూ ముందుగా ఒక ఫోను చేయడం అవసరం, ఎందుకంటే పిల్లల విషయంలో ఇంటివారికి కావలసింది లెక్క, కుక్క విషయంలో కావలసింది వద్దనే అవకాశం.

ఆ అవకాశం ఇచ్చేలా అడగడం చాలామందికి చేతకాదు. ‘కుక్కను తెస్తే మీకేమన్నా ఇబ్బందా?’ అని అడిగితే, మన వాళ్ళలో ‘అవును, ఇబ్బందే’ అనగలిగినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు. ‘అయ్యో, ఇబ్బందేముంది, తీసుకురండి’ అనేసి, ఫోను పెట్టాక తల పట్టుకుంటారు. అందువల్ల మన ఏర్పాటు ముందే చేసుకుని, దానిని మొదటే చెప్పి, ఆ తరువాత అడగాలి. ఇలా అనవచ్చు: “వదినా, ఆదివారం మేము నలుగురం వస్తున్నాం, చిన్నదానికి మూడేళ్ళు. కుక్క కూడా మాతో ఊరికి వచ్చింది గానీ, దాన్ని మా పక్కింటివాళ్ళు చూసుకుంటామన్నారు. మీకు వీలుంటుందంటేనే తెస్తాం, లేదంటే అక్కడే ఉంచి వస్తాం.” ఇలా అడిగితే ‘అక్కడే ఉంచండి’ అనడానికి వదినకు నోరు వస్తుంది. ‘పర్లేదులే’ అన్న జవాబు కొంచెం ఆగి వచ్చిందంటే దానిని వద్దన్నట్టే తీసుకోవాలి. రెండోసారి గుచ్చి అడగకూడదు.

ఎవరిని అడుగుతున్నామన్నదీ ముఖ్యమే. పెళ్ళికొడుకు స్నేహితుడిని గానీ, హాలు దగ్గర కుర్చీలు వేయిస్తున్న బాబాయిని గానీ అడిగితే ఉదారంగా సరేనంటారు, ఎందుకంటే నేల తుడవవలసింది వారు కాదు. ఆ రోజు ఇంటి పని ఎవరి మీద పడుతుందో వారినే అడగాలి, అదీ వారం పది రోజుల ముందు. కావలి దాటిన తరువాత హైవే మీద నుంచి ఫోను చేసి అడగడం, గ్రూపులో నలుగురి ఎదుట సందేశం పెట్టి అడగడం, రెండూ వారిని ఇరుకున పెట్టడమే అవుతుంది.

పిలిచేవారికి కూడా ఒక మాట. వద్దనదలచుకుంటే మెత్తగా, ఒకే ఒక కారణం చెప్పి వద్దనాలి. “పిల్లల్ని తప్పకుండా తీసుకురాన్నా, కుక్కను మాత్రం ఈ తూరికి వద్దు, మా అత్తగారు మడిలో ఉంటారు” అంటే ఎవరూ నొచ్చుకోరు. నాలుగు కారణాలు చెబితే ఒక్కొక్కదానికి ఎదుటివారు పరిష్కారం వెతుకుతారు. పెద్దవాళ్ళకు మాత్రమే అనుకున్న విందు అయితే, ఉదాహరణకు హోటలులో కుర్చీల లెక్కన రాత్రి ఏర్పాటు చేసిన రిసెప్షను అయితే, ఆ సంగతి కార్డు మీద అచ్చు వేయించకుండా ఫోనులో చెప్పడం మంచిది. అచ్చులో ‘పిల్లలకు ప్రవేశం లేదు’ అని చదివితే మన మేనత్తలు ఇరవై ఏళ్ళు గుర్తుపెట్టుకుంటారు. మీరు వేరొకరి ఇంటికి అతిథులుగా వెళ్ళేవారైతే, అలా ఫోను వచ్చినప్పుడు ‘మా పిల్లవాడు బుద్ధిమంతుడే’ అని వాదించకుండా, భార్యాభర్తలలో ఒకరే వెళ్ళి రావడం మర్యాద.

పిల్లల సంఖ్యతో పాటు వయసులు కూడా చెప్పాలి. క్యాటరింగువారు ప్లేటు లెక్కన తీసుకుంటారు కనుక, పన్నెండేళ్ళ పిల్లవాడు వేరు, ఒళ్ళో కూర్చుని రెండు ముద్దలు తినే పిల్ల వేరు. బంతి భోజనమైతే, తినలేని పసివాడికి వేరే ఆకు వేయించి, అన్ని వంటకాలూ వడ్డింపించి, చివరికి మడిచి పారేయడం మన కళ్ళముందు ప్రతి పెళ్ళిలోనూ జరుగుతున్నదే. తల్లి ఆకులోనే పక్కన పెట్టుకుని తినిపిస్తే సరిపోతుంది. పుట్టినరోజు పార్టీకి ఒక పిల్లను పిలిస్తే, ఆమె వెంట తమ్ముడిని, పక్కింటి పిల్లను కూడా పంపేవారు ముందుగా చెబితే, ఇంటివారు పంచే బహుమతుల దగ్గర చివరి పిల్లవాడు చేతులు చాచి నిలబడి ఏడ్చే పరిస్థితి రాదు.

ఇక వెళ్ళబోయే కార్యం ఏమిటో చూసుకోవాలి, ఎందుకంటే జాగ్రత్త దానిని బట్టి మారుతుంది.

అన్నింటికంటే ఎక్కువ కళ్ళు తెరుచుకుని వెళ్ళవలసింది గృహప్రవేశానికి. ముహూర్తం దాటిపోతుందని తొందరపడి, పని పూర్తికాని ఇంట్లోనే పాలు పొంగించేవారు మన జిల్లాలలో తక్కువేమీ కాదు. మెట్లకు రెయిలింగు ఉండదు, మేడ మీద పిట్టగోడ ఇంకా లేవకపోవచ్చు, సంపు మీద మూతకు బదులు చెక్క పెట్టి ఉంటుంది, స్విచ్చు బోర్డుల స్థానంలో తీగలు బయటకు వేలాడుతుంటాయి. ఈ ఇంట్లోకి అయిదేళ్ళ పిల్లవాడిని తీసుకువెళ్ళేవారు, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళగానే వ్రతపీట దగ్గరకు కాకుండా, ముందు సంపు ఎక్కడుందో, మెట్లు ఎక్కడున్నాయో ఒకసారి చూసి రావాలి. ఆ తరువాత భార్యాభర్తలలో ఈ గంట ఎవరిది, వచ్చే గంట ఎవరిది అని పైకి మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. ఇద్దరూ చూస్తున్నారని ఇద్దరూ అనుకున్నప్పుడే పిల్లలు మేడ ఎక్కుతారు.

గృహప్రవేశంలో సగౌరవంగా ఆహ్వానం అందుకునే జంతువు ఒక్క ఆవే. దానికీ దూడకూ పసుపు కుంకుమ పెట్టి, ముందుగా గడప దాటిస్తారు. చీమకుర్తి గనులలో దొరికే, నల్లని రాతిలో చుక్కలు మెరిసే గ్రానైటును నున్నగా పాలిష్ చేయించి పరిచిన ఇంట్లో ఆవు గిట్టలు జారుతాయి. అది బెదిరిందంటే పక్కన నిలబడినవారు గోడకు అంటుకోవలసిందే. అటువంటి సమయంలో మీ కుక్క ఒక్కసారి మొరిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. కనుక గృహప్రవేశానికి కుక్కను తేవడం గురించి అడగడం కూడా అనవసరం. పిల్లలను ఆవు వెనుక వైపు నిలబెట్టకుండా ఉంటే చాలు.

సీమంతం, బారసాల అయితే ఆలోచించవలసింది రోగాల గురించి. ఆటలమ్మ పోసిన పిల్లవాడి నుంచి, ఒంటి మీద పొక్కులు పైకి తేలడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటుతుంది. పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా అంటుతూనే ఉంటుంది. గతంలో ఆటలమ్మ రానివారు, టీకా వేయించుకోనివారు అయిన గర్భిణికి అది సోకితే తల్లికీ కడుపులో బిడ్డకూ ప్రమాదమే. తట్టు, గవదబిళ్ళలు ఇంట్లో ఉన్నా సీమంతానికి వెళ్ళకూడదు. మీ పిల్లవాడి బడిలో నలుగురికి ఆటలమ్మ పోసిందని తెలిసినా, వాడిని ఇంట్లో ఉంచి, ఫోనులో దీవెనలు చెప్పి ఊరుకోవడం ఉత్తమం. బారసాలలో జలుబు చేసిన పిల్లలను ఉయ్యాల దగ్గరకు పంపకూడదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు కూడా సబ్బుతో చేతులు కడుక్కుని, పసికందు పాదాలను తాకి మురిసిపోవచ్చు గానీ, బుగ్గలు ముద్దుపెట్టుకోనివ్వకూడదు. ఇంటివారు మొహమాటంతో చెప్పలేరు కాబట్టి ఈ మాట మనమే మన పిల్లలకు చెప్పి తీసుకువెళ్ళాలి.

పెళ్ళిలో పిల్లలతో వచ్చే చిక్కు చాలావరకు ఆకలి, నిద్ర. ముహూర్తం పదకొండున్నరకు ఉంటే బంతి లేచేసరికి రెండు అవుతుంది. రాత్రి ముహూర్తాలైతే చెప్పనక్కరలేదు. పెరుగన్నం డబ్బా, నీళ్ళ సీసా, ఒక పలుచని దుప్పటి, ఒక జత బట్టలు వెంట ఉంటే సగం గొడవ తీరుతుంది. గట్టిమేళం మోగుతున్నప్పుడు పిల్ల ఏడిస్తే ఎవరూ పట్టించుకోరు గానీ, పురోహితుడు సంకల్పం చెప్పిస్తున్నప్పుడు ఏడిస్తే వెంటనే లేచి బయటకు తీసుకుపోవాలి. అందుకే చంటిపిల్ల తల్లి ముందు వరుసలో మధ్యన కాకుండా, అంచు కుర్చీలో కూర్చోవడం తెలివైన పని. పాలు ఇవ్వడానికి గది ఎక్కడుందో రాగానే అడిగి పెట్టుకోవాలి. వాడిన డైపరు సంచిలో చుట్టి వెంట తీసుకుపోవాలి లేదా చెత్తబుట్టలో వేయాలి. దానిని మరుగుదొడ్డిలో వేస్తే, మర్నాడు ఇంటివారు సెప్టిక్ ట్యాంకు మనిషిని పిలిపించుకోవలసి వస్తుంది.

వంటశాల వైపు పిల్లలను పోనివ్వకూడదన్నది రెండోసారి ఆలోచించనవసరం లేని నియమం. సాంబారు గంగాళాలు, కాగే నూనె, నేల మీద పరిచిన గ్యాసు గొట్టాలు, వాటి మధ్య గరిటెలతో పరుగెత్తే మనుషులు ఉండే చోటు అది. పొరపాటున ఒంటి మీద వేడిది పడితే ఇరవై నిమిషాల పాటు కుళాయి నీళ్ళు ధారగా పోయాలి. టూత్‌పేస్టు, సిరా, పిండి పూయకూడదు. బంతిలో నెల్లూరు చేపల పులుసు వడ్డించినప్పుడు, ముల్లు తీయడం రాని పిల్లకు పెద్దవారు చేత్తో నలిపి చూసి పెట్టాలి. కొర్రమీను ముక్క అయితే ముళ్ళు తక్కువ కనుక కొంత నయం.

కుక్కను తెమ్మన్నారనుకుందాం. ఉదయం నడిపించి, కాలకృత్యాలు తీర్పించి, మెడపట్టీకి తాడు కట్టి, నీళ్ళ గిన్నె, పరుచుకునే గుడ్డ, ఎత్తి పారేయడానికి కాగితాలు, సంచి వెంట తీసుకువెళ్ళాలి. యాంటీ రేబిస్ టీకా గడువు దాటలేదని చూసుకుని ఆ కార్డు దగ్గర ఉంచుకోవాలి. కుక్కను ఎవరు పట్టుకుంటారో ముందే నిర్ణయించుకోవాలి, ఆ మనిషి ఆ రోజు భోజనానికి అందరితో కూర్చోలేడని కూడా ఒప్పుకోవాలి. మనిషికి వినబడని స్వరాలు కూడా కుక్క చెవికి వినబడతాయి. డోలు సన్నాయి పక్కన, డీజే పెట్టెల పక్కన, టపాకాయలు కాల్చే ఊరేగింపులో దానిని నిలబెట్టడం దానికి శిక్ష. వీధికుక్కలు కొత్త కుక్కను చూసి గుంపుగా చేరతాయి కనుక కారు దిగీ దిగగానే గేటు లోపలికి వెళ్ళిపోవాలి.

విందు దగ్గర కుక్కకు అందరూ ప్రేమగా ఏదో ఒకటి పెడతారు, దాన్ని ఆపడమే కష్టం. కిస్‌మిస్ వేసిన బూందీ లడ్డూ, పాయసం కుక్క మూత్రపిండాలను దెబ్బతీయగలవు. చాక్లెటు దానికి విషం. ఉల్లి, వెల్లుల్లి దట్టించిన కూర మంచిది కాదు. ఉడికిన కోడి ఎముక చీలి, పదునైన పేళ్ళుగా మారి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ‘ఎంగిలాకులు తిని బతకడం లేదా మన ఊరి కుక్కలు’ అని ఒక పెద్దాయన తప్పకుండా అంటారు. ఆయనకు నమస్కారం పెట్టి, కుక్కను పక్కకు తీసుకుపోవాలి.

కుక్క విసుగుపడుతోందని కారులో కట్టేసి, ఏసీ ఆపి, అద్దం కొంచెం దించి భోజనానికి వెళ్ళడం అన్నిటికంటే పెద్ద తప్పు. నెల్లూరు, ఒంగోలు ఎండ సంగతి తెలిసిందే. మూసిన కారులో పది నిమిషాలలోనే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. కుక్కకు మనలా ఒంటినిండా చెమట పట్టదు, నాలుక బయట పెట్టి రొప్పడమే ముఖ్యంగా దాని చల్లదనం. నిద్రపోతున్నాడు కదా అని పిల్లవాడిని కారులో వదిలేవారికీ ఇదే వర్తిస్తుంది.

ఇంటివారిని అడగకుండానే కుక్కను తేవడం మానుకోవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. పెద్దకర్మ నాడు పిండం పెట్టి కాకి కోసం ఎదురు చూస్తున్న కుటుంబానికి దగ్గరలో ఒక కుక్క తాడు లేకుండా తిరగడం కంటే బాధాకరమైన విషయం ఉండదు. అది పిండం ముట్టుకుంటే ఏ క్షమాపణా చాలదు. వ్రతాలు, గుడిలో పెళ్ళిళ్ళు కూడా అంతే. రంజాను మాసంలో ఇఫ్తారుకు పిలిచిన ఇంటికి కూడా కుక్కను తీసుకువెళ్ళవద్దు, ఎందుకంటే కుక్క లాలాజలం తగిలిన బట్టతో నమాజు చేయకూడదని పాటించేవారు ఎక్కువ, మీ కుక్క నాకిన మనిషి ఆ వేళ బట్టలు మార్చుకోవలసి వస్తుంది. ఆస్తమా ఉన్నవారి ఇంటికి పిల్లిని గానీ కుక్కను గానీ తేకూడదు. మీరు కూడా జంతువు బొచ్చు అంటని, ఉతికిన బట్టలతో వెళితే మంచిది.

కార్తిక మాసపు వనభోజనాలు, మైపాడులోనో కొత్తపట్నంలోనో సముద్రపు ఒడ్డున చుట్టాలందరూ కలిసే ఆదివారాలు, కుక్కకు కొంచెం అనువైనవి. అక్కడ కూడా వంట పొయ్యికి, ఉసిరి చెట్టు కింద పూజకు దూరంగా తాడుతో ఉంచాలి. పిల్లల సంగతి మాత్రం అక్కడే మరీ జాగ్రత్త: నీళ్ళలోకి దిగే ప్రతి పిల్లవాడికీ ఫోను చేతిలో లేని ఒక పెద్దమనిషి ఉండాలి.

పిల్లల గురించి గానీ కుక్క గురించి గానీ ‘మావాడు ఏమీ చేయడు’ అన్న మాటను నేను మానుకున్నాను. అది భయపడుతున్న మనిషి భయాన్ని తీసిపారేసే మాట. దానికి బదులు, తాడు పొట్టిగా పట్టుకుని ‘మీరు వెళ్ళండి, నేను పట్టుకున్నాను’ అంటే చాలు. కుక్క ఉన్న ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు ఇంటివారు కూడా దానిని ముందే గదిలో కట్టేసి, ఆ తరువాత తలుపు తీయాలి.

ఎవరినైనా కరిచినా, గోరు గీరినా, కుక్కకు టీకా వేయించామని చెప్పి తేలిగ్గా తీసుకోకూడదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగించి, అదే రోజు ఆసుపత్రికి మీ కారులోనే తీసుకువెళ్ళాలి. కారం, సున్నం, పసుపు పెట్టనివ్వవద్దు. టీకా అవసరమా కాదా అన్నది వైద్యుడు చెబుతాడు. తరువాతి టీకా రోజులలో కూడా ఫోను చేసి కనుక్కుని, తోడు వెళ్ళాలి.

ఈ పాఠం నాకు కందుకూరు వైపు ఒక పల్లెలో, మా పెద్దమ్మ వాళ్ళింట్లో సంక్రాంతికి అబ్బింది. పట్నంలో పెరిగిన మా కుక్క అంతవరకు కోడిని చూడలేదు. గేటు దగ్గర తాడు విప్పినవాణ్ణి నేనే. ‘ఏమీ చేయదు పెద్దమ్మా’ అన్నదీ నేనే. గడ్డివామి పక్కన గంపలో పొదుగుతున్న పెట్టను అది ఒక్క పట్టుతో పట్టింది. గాటికి కట్టిన ఎద్దులు బెదిరి పలుపులు తెంపుకోబోతే మా అన్న పరుగెత్తుకొచ్చి నిలబెట్టాడు. నేను డబ్బు తీస్తే పెద్దమ్మ చేయి తోసేసింది. “కోడి పోతే పోయింది నాయనా, దాని కింద పదకొండు గుడ్లుండాయి” అన్నది. ఏదైనా పగిలినా, చినిగినా, చచ్చినా డబ్బు జేబులో నుంచి తీసి ఇవ్వడం మన చుట్టరికాలలో చెల్లదని నాకు అప్పుడు తెలిసింది. అక్కడికక్కడే తప్పు ఒప్పుకుని, శుభ్రం చేయవలసింది మన చేతులతో శుభ్రం చేసి, పోయిన వస్తువునే మళ్ళీ తెచ్చి ఇవ్వాలి. ఆ సాయంత్రం మా అన్నతో కలిసి పక్క ఊరికి పోయి, గుడ్ల మీద కూర్చున్న మరో పెట్టను వెతికి, చీకటి పడ్డాక గంపలోకి మార్చాము. పెద్దమ్మ లాంతరు పట్టుకుని నిలబడింది. కుక్క కారులోనే ఉంది, అద్దాలు దించి, పక్కన మా అబ్బాయిని కూర్చోబెట్టి.